ఫెలోషిప్ ఆగింది, క్లాసులు ఆగలేదు: పరిశోధక విద్యార్థికి అసలు ఏం రావాలి, ఎంత పని చేయాలి?

ల్యాబ్‌కోటు_విశాఖ

విశాఖలోనే ఒక విశ్వవిద్యాలయంలో సైన్సులో పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండో ఏడాది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఉంది, నెలకు 37,000. వేసవి ముందు నుంచి ఒక్క రూపాయి కూడా ఖాతాలో పడలేదు. అకౌంట్స్ సెక్షన్‌లో అడిగితే డిపార్ట్‌మెంట్ నుంచి నెలవారీ ధ్రువీకరణ రాలేదంటారు. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే ఎప్పుడో పంపామంటారు. ఇంటి అద్దె భత్యం అయితే చేరిన రోజు నుంచీ లేదు. హాస్టల్లో గది దొరకలేదు. ఎంవీపీ కాలనీలో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి అద్దెకు ఉంటున్నాను. ఇప్పటికీ అద్దెకు నాన్నే డబ్బు పంపుతున్నారు. ఆయన అడగకపోయినా నాకు తలకొట్టేసినట్టు ఉంటోంది.

ఇక పని సంగతి. ఖాళీ పోస్టులు భర్తీ కాలేదు. ఎమ్మెస్సీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్ అన్నీ మేమే చేయిస్తున్నాం. ఒక థియరీ పేపరు కూడా నాకే అప్పగించారు. జవాబు పత్రాలు దిద్దేది, ఇంటర్నల్ మార్కులు కంప్యూటర్‌లో ఎక్కించేది, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందంటే ఫైళ్లు సర్దేది, అన్నీ స్కాలర్లే. నా సొంత ప్రయోగాలు రాత్రి ఏడు దాటాక మొదలుపెడతాను.

పాఠం చెప్పడం నాకు ఇష్టమే. దానికి ఒక హద్దు ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. గట్టిగా అడిగితే, “ప్రభుత్వం దయతో ఇచ్చే స్కాలర్‌షిప్ అది, జీతం అనుకుంటున్నావా?” అన్నారు ఒక పెద్దాయన. అమెరికాలో టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్న నా స్నేహితురాలికి ఫీజు మాఫీ, నెల జీతం, ఆరోగ్య బీమా అన్నీ ఉన్నాయట. ఇది వదిలేసి అక్కడికి ప్రయత్నించాలా? ఇక్కడే నిలబడి అడగాలా?

మద్దిలపాలెం_జంక్షన్

రెండో ఏడాదికే ఇన్ని పనులంటే నాలుగో ఏడాదికి డిపార్ట్‌మెంట్ తాళాలు కూడా మీ చేతికే వస్తాయి. మా సీనియర్‌కు నిజంగానే ఇచ్చారు. పొద్దున తెరిచేది, రాత్రి మూసేది ఆయనే.

పాతగైడు

ముప్పై ఏళ్లకు పైగా బోధించి రిటైరైనవాణ్ణి. అమ్మాయీ, నీ బాధ న్యాయమైనదే. కానీ ఒక్క మాట. ఫెలోషిప్ జీతం కాదు, నీ పరిశోధన సాగడానికి ఇచ్చే ఆసరా. దాన్ని గంటల లెక్కలోకి దించితే గురుశిష్యుల మధ్య ఉండే చనువు పోతుంది. ప్రాక్టికల్స్ చేయించినవాళ్లకే సబ్జెక్టు మీద పట్టు వస్తుంది. మేమంతా అలా నేర్చుకున్నవాళ్లమే. ముందు మీ గైడుతో కూర్చుని మాట్లాడు. కాగితాలూ ఫిర్యాదులూ ఆఖరి మెట్టు.

డాల్ఫిన్‌నోస్

పాతగైడు గారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ ఆసరా నెలల తరబడి రాకపోతే పరిశోధన ఎలా సాగుతుంది? గంటల లెక్క మేము పుట్టించింది కాదు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీయే పెట్టింది. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు తీసి చూడండి. స్కాలర్లకు బోధనలో శిక్షణ ఉండాలని చెబుతూ, ట్యుటోరియల్స్, ల్యాబ్ పని, మూల్యాంకనం కోసం వారానికి 4 నుంచి 6 గంటలు అప్పగించవచ్చని రాశారు. వారానికి. రోజుకు కాదు.

ఇప్పుడు ల్యాబ్‌కోటు గారి పరిస్థితి చూడండి. ప్రాక్టికల్ ఒక్కోటి మూడు గంటలు. వారంలో నాలుగు బ్యాచ్‌లు ఉన్నాయనుకున్నా 12 గంటలు. థియరీ పేపరు, దిద్దడం, మార్కులు ఎక్కించడం దానికి అదనం. హద్దుకు రెండింతలు ఎప్పుడో దాటిపోయింది.

ల్యాబ్‌కోటు_విశాఖ

నాకు అయిదు బ్యాచ్‌లు. ఈ 4–6 గంటల సంగతి మా డిపార్ట్‌మెంట్‌లో ఏ స్కాలర్ నోటా వినలేదు.

పాతగైడు

ఆ నిబంధన నాకు తెలుసు. విభాగంలో పన్నెండు మంది ఉండాల్సిన చోట నలుగురే ఉంటే ఆ నలుగురూ ఏం చేయాలో మాత్రం అందులో రాయలేదు. క్లాసులు ఎగ్గొడితే నష్టపోయేది ఎమ్మెస్సీ పిల్లలు. ఆ పిల్లల్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదువుకుంటున్నవాళ్లు. వాళ్ల చదువు గురించి కూడా ఆలోచించాలి కదా.

డాల్ఫిన్‌నోస్

ఆలోచించాలి. అందుకే అతిథి అధ్యాపకుణ్ణి పెట్టి గంటకు ఇంతని ఇవ్వాలి. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి ఫెలోషిప్ అందని అమ్మాయితో ఉచితంగా చెప్పించడం ఆ పిల్లలకూ మేలు కాదు. రాత్రంతా ల్యాబ్‌లో ఉండి పొద్దున్నే వచ్చే మనిషి ఎంత బాగా చెప్పగలదు?

సెక్షన్_సీటు

నేను స్కాలర్‌ని కాదు, వేరే విద్యాసంస్థలో అకౌంట్స్‌లో పనిచేస్తాను. డబ్బు ఎక్కడ ఆగుతుందో చెబుతాను, కొంత ఉపయోగపడవచ్చు.

యూజీసీ ఫెలోషిప్ కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా నేరుగా స్కాలర్ ఖాతాకు వస్తుంది. అది కదలాలంటే ఈ స్కాలర్ ఈ నెల పనిలో ఉన్నారని సంస్థ నుంచి ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ వెళ్లాలి. మా దగ్గర ఒకరు ఎక్కిస్తారు, పైవారు ఆమోదిస్తారు. వీళ్లలో ఎవరైనా బదిలీ అయినా, రిటైరైనా, లాగిన్ కొత్తవారి పేరు మీదకు మారేదాకా అందరి ఫెలోషిప్‌లూ ఆగిపోతాయి. ఎవరికీ దురుద్దేశం ఉండదు, కానీ పట్టించుకునే మనిషి కూడా ఉండడు. రెండో కారణం, ఆధార్‌లో పేరుకూ బ్యాంకు ఖాతాలో పేరుకూ ఒక అక్షరం తేడా ఉండటం. మూడోది, జేఆర్‌ఎఫ్ రెండేళ్లు నిండి సీనియర్ ఫెలోషిప్‌కు (ఎస్‌ఆర్‌ఎఫ్) మారాల్సిన సమయంలో ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోకపోవడం.

మీ హెడ్ ఈ మధ్య మారారా?

ల్యాబ్‌కోటు_విశాఖ

మారారండీ! సరిగ్గా వేసవి ముందే. మా విభాగంలో మరో ఇద్దరికీ అప్పటి నుంచే ఆగింది.

సెక్షన్_సీటు

అయితే తొంభై పాళ్లు అదే. మీ ముగ్గురూ కలిసి ఒకే ఉత్తరం రాయండి. “ఏ నెల నుంచి ఏ నెల వరకు ధ్రువీకరణ వెళ్లలేదో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు” అని మాత్రమే అడగండి. డబ్బు ఇవ్వమని అడిగితే మా చేతిలో లేదంటారు. ఏ నెలది పంపారో చెప్పమంటే పోర్టల్ తెరిచి చూడక తప్పదు. ఆగిన నెలలు పోవు, ధ్రువీకరణ వెళ్లాక బకాయితో కలిపి వస్తాయి. ఉత్తరం ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ దగ్గరుండే నకలు మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. చేతికిచ్చి వచ్చిన ఉత్తరానికి ఆఫీసులో ఉనికి ఉండదు.

బీచ్‌రోడ్డు_నడక

ఇంటి అద్దె భత్యం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, అదీ చిన్న మొత్తం కాదు. యూజీసీ నియమం ప్రకారం హాస్టల్ వసతి ఇవ్వలేకపోతే భత్యం ఇవ్వాలి, అదీ కేంద్ర ప్రభుత్వం నగరాలకు పెట్టిన వర్గాల ప్రకారం. హైదరాబాద్ ఎక్స్ వర్గం. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు వై. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం 50 శాతానికి చేరాక, 2024 జనవరి నుంచి వై నగరాల రేటు 18 నుంచి 20 శాతానికి పెరిగింది. మీకు వర్తించే రేటు మంజూరు ఉత్తర్వులో చూసుకోండి. 37,000 మీద 18 శాతమంటే 6,660. 20 శాతమైతే 7,400. ఎంవీపీలో ముగ్గురు పంచుకునే ఇంటికి మీ వంతు అద్దె దాదాపు అందులోనే సరిపోతుంది.

ఒక మెలిక ఉంది. హాస్టల్ గది ఇస్తామన్నాక మీరు వద్దన్నారని రికార్డులో ఉంటే భత్యం అడిగే అర్హత పోతుంది. అందుకని గది ఇవ్వలేకపోయామని వార్డెన్ దగ్గర కాగితం తీసుకోండి. ఆ ఒక్క కాగితం లేక ఏళ్ల తరబడి భత్యం వదులుకున్నవాళ్లు నాకు తెలుసు.

ల్యాబ్‌కోటు_విశాఖ

వార్డెన్ నోటితో “గదులు లేవమ్మా, వచ్చే ఏడాది చూద్దాం” అన్నారు. కాగితం ఇవ్వలేదు. రేపే వెళ్లి అడుగుతాను.

రాతపరీక్ష_రమణ

కంటింజెన్సీ, అంటే రసాయనాల వంటి పరిశోధన ఖర్చులకు ఇచ్చే డబ్బు కూడా మరచిపోవద్దు. సైన్సు వాళ్లకు మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, తర్వాత 25,000. ఆర్ట్స్, సోషల్ సైన్సెస్ వాళ్లకు 10,000, తర్వాత 20,500. రసాయనాలు సొంత డబ్బుతో కొంటున్న స్కాలర్లు చాలామంది బిల్లులు దాచరు. దాచండి.

గాజువాక_కుర్రాడు

అందరూ 37,000 అంటుంటే చదువుతున్నాను. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ. నెట్ అర్హత పరీక్ష పాసయ్యాను, జేఆర్‌ఎఫ్ కటాఫ్ దాటలేదు. మాది రాష్ట్ర విశ్వవిద్యాలయం. నాకు వచ్చేది సున్నా. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకు కూడా నెలకు 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది. 2015లో దాన్ని ఎత్తేస్తామంటే దేశమంతా స్కాలర్లు యూజీసీ ముందు కూర్చున్నారు, దాంతో అది మిగిలింది. మాకు అదీ వర్తించదు.

పొద్దున గాజువాకలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం బస్సెక్కి డిపార్ట్‌మెంట్‌కు వస్తాను. వచ్చేసరికి ఇన్విజిలేషన్ జాబితాలో నా పేరు ఉంటుంది. ల్యాబ్‌కోటు గారూ, మీకు ఆగిన డబ్బైనా ఉంది. నాకు ఆగడానికి కూడా ఏమీ లేదు. మీ మీద కోపంతో అనడం లేదు. స్కాలర్ల కష్టం అనగానే ఫెలోషిప్ ఉన్నవాళ్ల లెక్కలే మాట్లాడతారు, అది చెప్పాలనిపించింది.

ల్యాబ్‌కోటు_విశాఖ

మీరు చెప్పింది నా మనసులో పడింది. మా విభాగంలోనూ ఫెలోషిప్ లేని ఇద్దరు ఉన్నారు. వాళ్లకూ నాతో సమానంగా ల్యాబ్ డ్యూటీలు వేస్తున్నారు. ఉత్తరంలో ఆ విషయం కూడా రాస్తాను.

డాల్ఫిన్‌నోస్

గాజువాక తమ్ముడూ, వారానికి 4–6 గంటల హద్దు ఫెలోషిప్ ఉన్నవాళ్లకు మాత్రమే అని నిబంధనలో లేదు. స్కాలర్లందరికీ వర్తిస్తుంది. డబ్బు ఇవ్వని చోట ఆ హద్దు మరీ గట్టిగా పాటించాలి. మీ ఇన్విజిలేషన్‌కు పరీక్షల విభాగం నుంచి పారితోషికం వస్తోందా?

గాజువాక_కుర్రాడు

సెమిస్టర్ పరీక్షలకు కొంత ఇస్తారు. ఇంటర్నల్స్‌కు ఏమీ లేదు.

ఉక్కునగరం_నాన్న

స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఈ ఏడాది ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్తున్నాడు, అందుకే ఈ చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది ఏమిటంటే, “మొదటి సెమిస్టర్ ఫీజు మాత్రం కట్టండి, దిగిన నెలలోనే అసిస్టెంట్‌షిప్ దొరుకుతుంది, మిగతా ఫీజు దానంతట అదే మాఫీ” అని. దాన్ని నమ్మి బ్యాంకు రుణం తక్కువకు పెట్టాలా, మొత్తానికి పెట్టాలా అన్న సందేహంలో ఉన్నాం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రేవులో_పడవ

మాది చినవాల్తేరు. అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ముందు బాబాయిగారికి జవాబు. రుణం మొత్తానికే పెట్టండి. అసిస్టెంట్‌షిప్ వస్తుందని లెక్కలో వేసుకోవద్దు. పీహెచ్‌డీ వాళ్లకు ప్రవేశంతో పాటే ఆఫర్ రావడం మామూలు. ఎం.ఎస్. వాళ్లకు, అందులోనూ కంప్యూటర్ సైన్సు వాళ్లకు, మొదటి సెమిస్టర్‌లో దొరకడం చాలా కష్టం. దొరికినా చాలా చోట్ల అది గంటకు ఇంత అని ఇచ్చే, జవాబు పత్రాలు దిద్దే గ్రేడర్ పని, దానికి ఫీజు మాఫీ ఉండదు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ రెండింటినీ కలిపి చెబుతారు. విశ్వవిద్యాలయం పంపిన ఉత్తరంలో లేనిది ఏదీ మీకు ఇచ్చినట్టు కాదు.

ఇక ల్యాబ్‌కోటు గారూ, మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. చెప్పకుండా వదిలేసినవి కొన్ని ఉంటాయి.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. పూర్తి అసిస్టెంట్‌షిప్ అంటే సాధారణంగా ఆ 20 గంటలే, దాన్ని సగం ఉద్యోగంగా లెక్కేస్తారు. 10 గంటలది పావు ఉద్యోగం. పావు ఉద్యోగానికి కొన్ని చోట్ల ఫీజు మాఫీ పూర్తిగా రాదు. మాఫీ ట్యూషన్‌కే వర్తిస్తుంది. ఇతర ఫీజులు సెమిస్టర్‌కు సెమిస్టర్ మనమే కట్టాలి, అది చిన్న మొత్తం కాదు. ఆరోగ్య బీమా కొన్ని చోట్ల పూర్తిగా ఇస్తారు, కొన్ని చోట్ల సగం మన జీతంలోంచి పోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చాలా ఒప్పందాలు తొమ్మిది నెలలవే. వేసవి మూడు నెలలు మన ఏర్పాటు మనం చూసుకోవాలి. నా జీతంలో సగానికి దగ్గరగా అద్దెకే పోతుంది.

ఇవన్నీ చెప్పినా, ఒక విషయంలో ఇక్కడి పద్ధతి నాకు నచ్చింది. ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, ఎంత జీతం, ఏం పని అన్నది పనిలో చేరకముందే ఒక ఉత్తరంలో ఉంటుంది. ప్రొఫెసర్ కూడా దానికి కట్టుబడాలి.

ఉక్కునగరం_నాన్న

చాలా ఉపకారం చేశావు బాబూ. మొత్తానికే రుణం అడుగుతాం. తనకు వచ్చిన ఒక ఆఫర్ ఉత్తరంలో ఏప్రిల్ 15లోగా జవాబు చెప్పాలని ఉందని మా అన్నగారి అమ్మాయి అంటోంది. ఆ తేదీకి ఏమైనా అర్థం ఉందా?

రేవులో_పడవ

ఉంది బాబాయిగారూ. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఒకటుంది. దానికి ఒప్పుకున్న విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయంతో ఆఫర్ ఇస్తే, ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. కాబట్టి మార్చిలోనే తేల్చమని ఎవరైనా తొందరపెడితే, ఆ విశ్వవిద్యాలయం జాబితాలో ఉందో లేదో చూసి మర్యాదగా గడువు అడగవచ్చు. అమ్మాయికి చెప్పండి, వేసవి జీతం ఉందా, ఫీజుల్లో ఏవి మాఫీ, బీమా ఎవరు కడతారు, ఎన్నేళ్లు హామీ అన్న ప్రశ్నలు ఈమెయిల్‌లోనే అడగమని. ఫోనులో వద్దు.

మద్దిలపాలెం_జంక్షన్

వారానికి 20 గంటలు అంటే నిజంగా 20 గంటలేనా? ఇక్కడ 4–6 అని రాసి 20 చేయిస్తున్నారు, అక్కడ 20 రాసి ఎంత చేయిస్తారో!

రేవులో_పడవ

బోధన పనిలో చాలావరకు 20కి లోపే. పరిశోధన సహాయకులకు మాత్రం ఆ గీత కనబడదు, ఎందుకంటే చేసే పనే సొంత థీసిస్ కూడా. మా ల్యాబ్‌లో అర్ధరాత్రి దీపాలు వెలుగుతూనే ఉంటాయి. గొడవలూ ఉన్నాయి. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అన్ని క్యాంపస్‌లలో కలిపి 48,000 మంది సమ్మె చేశారు. టీచింగ్ అసిస్టెంట్లు, పరిశోధన సహాయకులు, పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌లు అందరూ. అద్దెలు కట్టలేకే ముఖ్యంగా. డిసెంబరు చివరికి జీతాలు పెంచుతూ ఒప్పందాలు కుదిరాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఈ సహాయకులు విద్యార్థులా, ఉద్యోగులా అన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2004లో ఉద్యోగులు కారన్న కార్మిక సంబంధాల బోర్డే, 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో ఉద్యోగులే, సంఘం పెట్టుకోవచ్చు అని తీర్పు చెప్పింది.

పాతగైడు

చూశావా, అక్కడా ఆ ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. మరి నేను ఫెలోషిప్ జీతం కాదంటే అందరికీ కోపం వచ్చింది.

ఉక్కునగరం_నాన్న

పాతగైడు గారూ, నేను చదువుకున్నది ఐటీఐ వరకే. అయినా ఒక విషయం అనుభవంతో చెప్పగలను. మా ప్లాంటులో ఏ పనికి ఎంత అన్నది సంఘాలు కూర్చుని మాట్లాడి కాగితం మీద పెట్టాకే మాకూ పై అధికారులకూ మధ్య మర్యాద నిలబడింది. కాగితం లేని చోట మనిషి మంచితనం మీద బతకాలి. మంచి మనిషి బదిలీ అయిపోతే ఏం మిగులుతుంది? అమ్మాయి అడిగేది గురువు మీద ఫిర్యాదు కాదు, లెక్క.

పాతగైడు

అన్నగారూ, ఆ మాట కాదనలేను. గైడులకు కూడా లెక్క ఉంటే మంచిదే. స్కాలర్‌కు ఫెలోషిప్ రాని నెలల్లో ప్రయోగాలు ఆగిపోతే ప్రాజెక్టు నివేదిక ఆలస్యమై రెండో విడత నిధులు ఆగేది గైడుకే. నిధులు ఖర్చైనట్టు ఇచ్చే ఆ యుటిలైజేషన్ సర్టిఫికెట్ల వెనక నేను తిరిగిన రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మాయీ, ఉత్తరం రాయి. కానీ గైడుకు తెలియకుండా రాయకు, ఆయనతో చెప్పి రాయి. ఆయన సంతకం కూడా ఉంటే ఫైలు ఇంకా త్వరగా కదులుతుంది.

ల్యాబ్‌కోటు_విశాఖ

అలాగే సార్. మా గైడు మంచివారే. అదనపు క్లాసులు ఆయన వేసినవి కావు.

తీరం_దాటిన_తరంగం

ఆడపిల్లల విషయం ఒకటి చెప్పాలి. నేను పీహెచ్‌డీ మూడో ఏట బిడ్డను కన్నాను. స్కాలర్‌కు ప్రసూతి సెలవు లేదు, రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుని మళ్లీ చేరమని సలహా ఇచ్చారు ఆఫీసులో. అబద్ధం. పీహెచ్‌డీ మొత్తం కాలంలో ప్రసూతికి గానీ పిల్లల సంరక్షణకు గానీ 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చని 2016 నిబంధనల్లోనూ ఉంది, 2022 వాటిలోనూ ఉంది. గడువు కూడా మహిళలకు రెండేళ్లు అదనం. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకు కేంద్ర నియమాల ప్రకారం ప్రసూతి సెలవులో ఫెలోషిప్ పూర్తిగా వస్తుంది. నిబంధన ముద్రించి చేతిలో పెట్టాకే నా ఫైలు కదిలింది. చంటిబిడ్డతో మూడో అంతస్తు మెట్లు ఎక్కుతూ ఆ కాగితాల కోసం తిరిగాను. ఇంకెవరూ అలా తిరగకూడదనే ఇది రాస్తున్నాను.

మామూలు సెలవులు కూడా జేఆర్‌ఎఫ్ వాళ్లకు ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులు ఉన్నాయి. పండక్కి ఊరెళ్తానంటే ముఖం మాడ్చుకునే చోట ఇది గుర్తు చేయండి.

చిన్నవెంకటి_ఎంటెక్

నేను గేట్ రాసి ఎం.టెక్.లో చేరాను అక్కా. మాకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నుంచి నెలకు 12,400. దానికి వారానికి 8 నుంచి 10 గంటలు ల్యాబ్‌లో సాయం చేయాలని నియమం. స్కాలర్లకే ఇన్ని సమస్యలని తెలియదు. ఈ స్టైపెండ్‌కు పన్ను కట్టాలా?

సెక్షన్_సీటు

చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు ఉంది. జేఆర్‌ఎఫ్‌ను, ఇలాంటి స్టైపెండ్‌ను ఆ కిందే చూస్తారు. పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ అసోసియేట్‌గా చేరి తీసుకునేది వేరు, దాన్ని సాధారణంగా జీతంగానే చూస్తారు.

బీచ్‌రోడ్డు_నడక

ఉత్తరానికి జవాబు రాకపోతే తర్వాత ఎక్కడికి వెళ్లాలో కూడా రాసి పెడుతున్నాను. 2023లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. స్కాలర్‌షిప్ చెల్లింపులో ఆలస్యం, నిరాకరణ ఫిర్యాదు కిందికి వస్తాయని అందులో స్పష్టంగా ఉంది. మొదట సంస్థలోని విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి ఇవ్వాలి. వాళ్లు వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి కలగకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆయన 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. విడిగా సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పది రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు. ఏ నెల ధ్రువీకరణ ఏ తేదీన వెళ్లిందో అడిగితే చాలు.

రేవులో_పడవ

ల్యాబ్‌కోటు గారూ, మానేసి రావాలా అని అడిగారు. నా అభిప్రాయం చెబుతాను. మీకు ఇష్టమైన సబ్జెక్టు, మంచి గైడు, అయిదేళ్ల ఫెలోషిప్ ఉన్నాయి. ఇక్కడికి వస్తే మళ్లీ మొదటి నుంచి కోర్సులు, అర్హత పరీక్షలు, అయిదారేళ్లు. మీ ల్యాబ్‌లో లేని పరికరాలూ, లేని పరిశోధనాంశమూ కావాలనుకుంటే రండి, తప్పకుండా రండి. రెండు ఆఫీసుల మధ్య ఆగిన ధ్రువీకరణ కోసం దేశం మారనక్కర్లేదు.

డాల్ఫిన్‌నోస్

అవును. కాకపోతే ఆ ధ్రువీకరణ ఒక్కటే సమస్య అని తేల్చేయవద్దు. పని గంటల సంగతి డబ్బు వచ్చాక కూడా అలాగే ఉంటుంది. రెండూ విడివిడి ఉత్తరాలుగా రాయండి. ఒకే కాగితంలో పెడితే తేలికైనదానికి జవాబిచ్చి రెండోది పక్కన పెడతారు.

ల్యాబ్‌కోటు_విశాఖ

రెండు ఉత్తరాలూ ఇచ్చాను. మొదటిది ఫెలోషిప్ ధ్రువీకరణ గురించి, మేం ముగ్గురం కలిసి రాశాం, మా గైడు కూడా సంతకం చేశారు. సెక్షన్_సీటు గారు చెప్పినట్టే కొత్త హెడ్ పేరు మీదకు లాగిన్ మారలేదట. సూపరింటెండెంట్ నా ముందే ఫోను చేసి కనుక్కున్నారు. డబ్బు ఇంకా రాలేదు, దరఖాస్తు మాత్రం పైకి వెళ్లింది.

రెండోది పని గంటల గురించి. అయిదుగురు స్కాలర్లం సంతకం చేశాం, ఫెలోషిప్ లేని ఇద్దరూ అందులో ఉన్నారు. నిబంధన నకలు జతచేశాం. హెడ్ చదివి, థియరీ పేపరు వెంటనే తీసేస్తామన్నారు. ప్రాక్టికల్స్ బ్యాచ్‌లు ఈ సెమిస్టర్ అయ్యేదాకా సర్దుకోమన్నారు. రాసి ఇవ్వమని అడిగాను. ఆలోచిస్తామన్నారు.

నేను ఎక్కడికీ వెళ్లడం లేదు. నా పని ఇక్కడే పూర్తి చేస్తాను.

పాతగైడు

సెమిస్టర్ దాకా సర్దుకోవడం పర్వాలేదు, కానీ ఆ మాట డిపార్ట్‌మెంట్ కమిటీ మినిట్స్‌లో రాయించు. రాసివ్వడానికి హెడ్ వెనకాడతారు, మినిట్స్ అయితే అందరి పేరు మీదా ఉంటుంది కనుక ఒప్పుకుంటారు. మీటింగు ఎప్పుడో కనుక్కో.

గాజువాక_కుర్రాడు

అక్కా, రెండో ఉత్తరం ప్రతి ఒకటి ఇక్కడ పెడతారా? పేర్లు తీసేసి పెట్టండి. మా విభాగంలో ఎనిమిది మందిమి ఉన్నాం, సోమవారం ఇద్దామనుకుంటున్నాం.

ల్యాబ్‌కోటు_విశాఖ

రాత్రికి పెడతాను. మీ ఇంటర్నల్స్ ఇన్విజిలేషన్ తేదీలు ఒక కాగితం మీద రాసి ఉంచండి, అవి కూడా జతచేయాలి.